ఫ్యాక్టరీలో నడుము నొప్పి తగ్గించే చదువుకు ఉద్యోగాలున్నాయా?

ప్రశ్న: మాది సిరిసిల్ల. ఇరవై రెండేళ్లుగా సాంచెలు (బట్ట నేసే పవర్‌లూమ్‌లు) నడుపుతున్నా. మా బిడ్డ వరంగల్‌లో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. పనివాళ్లకు ఒళ్లు నొప్పులు రాకుండా ఫ్యాక్టరీ లైన్లు మార్చే ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ వైపు పోతానంటోంది. అందరూ సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: అన్నా, బిడ్డను ఆపకండి. ఉద్యోగాలున్నాయి. కాకపోతే 'ఎర్గోనామిక్స్ (పనిని మనిషి ఒంటికి తగ్గట్టు మార్చే శాస్త్రం) ఇంజినీర్' అన్న పేరుతో వచ్చేవి తక్కువ. ఇండస్ట్రియల్ ఇంజినీర్, ప్రొడక్షన్ ఇంజినీర్, సేఫ్టీ విభాగం అనే పేర్లతో వెతకాలి. గీసుకొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు లాంటి చోట ఉండే కుట్టు లైన్లలో ఈ పని రోజూ ఉంటుంది: ఒక్కో కుట్టు పనికి ఎన్ని నిమిషాలు, ఏ మిషన్ దగ్గర బట్టలు పేరుకుపోతున్నాయి, ఎవరి చేయి ఎంత దూరం చాపాల్సి వస్తోంది అని చూడటం.

మనిషికి సుఖంగా ఉంటే పని నెమ్మదిస్తుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. అమెరికాలో ఫోర్డ్ కార్ల హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో 12 గంటల 28 నిమిషాలు పట్టే చాసిస్ (కారు కింది చట్రం) బిగింపు 1914 నాటికి గంటా 33 నిమిషాలకు దిగింది. లైన్ కదలడం, పనిని చిన్న ముక్కలు చేయడం అసలు కారణాలు. కానీ అదే ఏడాది మొదట్లో వాళ్లు లైన్‌ను నడుము ఎత్తుకు లేపారు, పొడుగువాళ్లకు ఒకటి, పొట్టివాళ్లకు ఒకటి! వంగి లేవడంలో పోయే సమయం మిగిలింది.

బరువుకూ లెక్క ఉంది. పనివాళ్ల భద్రత, ఆరోగ్యం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా చేత్తో ఎత్తే బరువుకు హద్దు 23 కిలోలు. నేల మీద నుంచి ఎత్తినా, ఒంటికి దూరంగా పట్టుకున్నా, నడుము తిప్పినా ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. మీ నడుముకు ఈ సంగతి ముందే తెలుసు. దాన్ని అంకెల్లో చెప్పడమే బిడ్డ నేర్చుకోబోయేది.

బ్రాంచి మారాల్సిన పని లేదు. ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 'ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్' పేపరు ఉంది, మెకానికల్ వాళ్లు రాయొచ్చు. డిజైన్ వైపు మనసుంటే ఐఐటీల్లో ఎం.డిజైన్‌కు సీడ్ పరీక్ష రాయాలి. జీతం మొదట్లో మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంత రాకపోవచ్చు. షిఫ్టులుంటాయి, రోజంతా షాప్ ఫ్లోర్ మీద, అంటే మిషన్లు నడిచే చోట, నిలబడాలి, ఊరు వదలాల్సి రావచ్చు. ఇవి ఇద్దరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి. ఎక్సెల్, కొంచెం పైథాన్ నేర్చుకోమనండి, ఇక్కడా పనికొస్తాయి.

ఈ సెలవుల్లో మీ షెడ్డులోనే ఒక ప్రాజెక్టు చేయించండి. గంటసేపు ఫోన్‌లో వీడియో తీసి, కండెల (నూలు చుట్టిన చిన్న గొట్టాల) డబ్బా కోసం మీరు ఎన్నిసార్లు వంగారో, తెగిన పోగు అతకడానికి ఎన్ని అడుగులు నడిచారో లెక్కపెట్టాలి. డబ్బాను మోచేతికి కాస్త కింది ఎత్తులో పెట్టి, వారం తర్వాత మళ్లీ లెక్కపెట్టాలి. ఇంటర్వ్యూలో ఆ రెండు అంకెలు చెబితే సర్టిఫికెట్ల కంటే ఎక్కువ వింటారు.

ఒక్క జాగ్రత్త. వీడియో తీసే ముందు ఆసామిని (సాంచెల యజమానిని), పక్క సాంచెలవాళ్లను అడగాలి. గడియారం పట్టుకుని ఎవరైనా నిలబడితే కూలి తగ్గిస్తారేమోనని భయపడతారు, ఆ భయంలో తప్పు లేదు. ఎందుకు లెక్కపెడుతోందో బిడ్డనే వాళ్లకు చెప్పమనండి.