ఫోనులో “ఆరోగ్యశ్రీ ఉందా?” అని మాత్రమే అడగకండి

మీ అమ్మగారికి ఆరు నెలలుగా కడుపునొప్పి తగ్గడం లేదని, ఆరోగ్యశ్రీ కింద చూసే గ్యాస్ట్రో క్లినిక్ చిత్తూరు, తిరుపతి వైపు ఏదైనా ఉందా అని అడిగారు. రెండేళ్ల క్రితం మా నాన్నను వెంటబెట్టుకుని నేనూ ఇలాగే తిరిగాను. ఆయనకు పిత్తనాళంలో రాయి అడ్డుపడి కళ్లు పచ్చబడ్డాయి, రాత్రంతా ఒళ్లు దురద.

ఆరోగ్యశ్రీ (పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారినా మా ఊళ్లో ఎవరూ అలా అనరు) ప్రధానంగా నెట్‌వర్క్ ఆసుపత్రిలో (అంటే ఈ పథకంలో చేరిన ఆసుపత్రిలో) చేర్చుకుని చేసే చికిత్సకు వర్తిస్తుంది. ఆ ఆసుపత్రికైనా అనుమతి విభాగాలవారీగా ఉంటుంది. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఫోను చేసి “ఆరోగ్యశ్రీ ఉందా?” అంటే “ఉంది, రండి” అన్నారు. రక్తపరీక్షలకూ స్కానింగుకూ డబ్బు కట్టాక తెలిసింది, ఉన్నది ఎముకల విభాగానికని. వాళ్లు అబద్ధమాడారనలేను. నేను అడిగిందే సగం ప్రశ్న.

కాబట్టి 104కు ఫోను చేసి “మెడికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఏ ఆసుపత్రిలో ఉంది?” అని అడగండి. అంటే కడుపు, పేగులు, కాలేయం జబ్బులను ఆపరేషన్ లేకుండా చూసే విభాగం. “సర్జికల్” వేరు, అది ఆపరేషన్లకు.

మేము చివరికి తిరుపతి స్విమ్స్ (శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ) ఆసుపత్రికి వెళ్లాం. అలిపిరి దారిలో, రుయా ప్రభుత్వ ఆసుపత్రి పక్కనే. అక్కడ రెండు విభాగాలూ ఉన్నాయి. ఓపీ వరుస పొడుగ్గా ఉంటుంది, చిత్తూరులో తెల్లవారుజాము బస్సు ఎక్కితేనే ప్రయోజనం. డాక్టరు చూసి చికిత్స రాశాక ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసేవారు) దగ్గరకు పంపారు. నాన్న నలభై ఏళ్లు బెల్లం గానుగ దగ్గర పనిచేసిన మనిషి, వేళ్ల గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర యంత్రం ఏ వేలినీ ఒప్పుకోలేదు. ఆ ఆరోగ్యమిత్ర అమ్మాయి విసుక్కోకుండా తడిగుడ్డతో ఒక్కో వేలూ తుడిచి పెట్టించింది. ఎనిమిదో వేలికి పచ్చదీపం వెలిగింది. అనుమతి వచ్చాక ఎండోస్కోపీ గొట్టం ద్వారానే రాయి తీశారు. దానికి మేము పైసా కట్టలేదు.

ఒకటి ముందే చెబుతాను. జబ్బేమిటో తేలకముందు ఓపీలో చేసే ఎండోస్కోపీకి డబ్బు అడగవచ్చు. మిత్రను ముందే కనుక్కోండి. పరీక్షకు ఖాళీ కడుపుతో రమ్మంటారు. మా నాన్న బస్టాండులో నాకు కనబడకుండా కాఫీ తాగేసి ఒక రోజు పోగొట్టారు!

అమ్మగారికి బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా ఈ వెతుకులాట పక్కనపెట్టి రుయా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. లేకపోతే పాత రిపోర్టులన్నీ సంచిలో వేసుకుని, రేషన్ కార్డులోనూ ఆధార్‌లోనూ ఆమె పేరు ఒకేలా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. మాకు ఒక్క అక్షరం తేడా సరిచేయించడానికి మా ఊరి సచివాలయం చుట్టూ నాలుగు రోజులు తిరగాల్సి వచ్చింది.