మే నెల చెన్నైలో రెండంతస్తుల కేకు: మా చెల్లెలి కూతురికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ స్నేహితురాలి బ్రైడల్ షవర్‌కు, అదే పెళ్లికి ముందు చేసే వేడుకకు, మూడంతస్తుల కేకు నువ్వే చేస్తానని మాటిచ్చావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెయ్యగలవు, అందులో నాకు అనుమానం లేదు. అయితే వేడుక మే నెలలో, అదీ చెన్నైలో. కాబట్టి పైన ఏ పువ్వు పెట్టాలన్న ఆలోచన కాసేపు పక్కన పెట్టి, ఆ కేకు అన్నానగర్‌లోని మీ వంటింటి నుంచి వేలచ్చేరిలోని ఫ్లాటు దాకా ఎలా చేరుతుందో, చేరాక కోసేదాకా ఎలా నిలబడుతుందో ముందు తేల్చుకో.

మూడో అంతస్తు మానుకో. 30, 35 మందికి 8 అంగుళాల గుండ్రటి కేకు మీద 6 అంగుళాల గుండ్రటి కేకు చాలు. ఒక్కొక్కటి 4 అంగుళాల ఎత్తుంటే, అంగుళం వెడల్పున, రెండంగుళాల పొడవున కోసిన ముక్కలు కిందిదాంట్లో 24, పైదాంట్లో 12 దాకా వస్తాయి. పెద్దవాళ్లు కూడా వస్తున్నారు గనుక ఎగ్‌లెస్ చెయ్యడమే మర్యాద. పెరుగు, కండెన్స్‌డ్ మిల్క్ వేసిన స్పాంజి మెత్తగా ఉంటుంది గాని కోసేటప్పుడు పొడిపొడిగా రాలుతుంది. అందుకని ముందుగానే బేక్ చేసి, పూర్తిగా చల్లారాక గాలి తగలకుండా చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఆ చల్లదనం మీదే పైన పొంగిన భాగాన్ని రంపపు పళ్ల కత్తితో కోసి చదును చెయ్యి.

ఇక పై పూత సంగతి. వెన్న 32 డిగ్రీలు దాటేసరికి జారిపోతుంది, మేలో మన వంటిళ్లు పగలంతా అంతకంటే వేడిగానే ఉంటాయి, కనుక బటర్‌క్రీమ్ మీద ఆశ పెట్టుకోకు. చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే గనాష్ వాడు. డార్క్ చాక్లెట్ అయితే రెండు పాళ్లకు ఒక పాలు క్రీమ్, వైట్ చాక్లెట్ అయితే మూడు పాళ్లకు ఒక పాలు, కప్పులతో కాకుండా త్రాసులో తూచి కలుపు. డబ్బాల్లో దొరికే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ గిలకొడితే పొంగదు గాని గనాష్‌కు చక్కగా పనికొస్తుంది. మొదట పల్చటి పూత వేసి, రాలే పొడి అంతా అందులో అంటుకుపోయాక ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, ఆపైన అసలు పూత వెయ్యి. వైట్ చాక్లెట్ అసలు రంగే మీగడ రంగు. అందులో నీలం కలిపితే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది, గులాబీ కలిపితే కాస్త నారింజ ఛాయ వస్తుంది. రంగులు రాత్రికి రాత్రి ముదురుతాయి కూడా, కనుక కావలసినదానికంటే ఒక మెట్టు లేతగానే ఆపు.

ఫాండెంట్, అంటే పల్చగా ఒత్తి కేకు మీద కప్పే చక్కెర ముద్ద, నాకు నచ్చదు. సముద్రపు గాలిలోని తేమకు చక్కెర చెమర్చి, ఫ్రిజ్ నుంచి తీసిన పది నిమిషాలకే జిగటగా మెరుస్తుంది. పైగా చాలా రకాల్లో జెలటిన్ ఉంటుంది, అది శాకాహారం కాదు. అంతకష్టపడి ఎగ్‌లెస్ చేసి అక్కడ తప్పటడుగు వెయ్యకు, ప్యాకెట్టు చదివి కొను.

అలంకరణకు నా ఆలోచన గనాష్ మల్లెమొగ్గలతో వేసే పూలజడ. పై అంతస్తు అంచు నుంచి మొదలుపెట్టి, రెండు కేకులు కలిసే చోటు మీదుగా పక్కవాటుగా కిందికి దించితే, అందరి కళ్లకూ ముందు కనబడే ఆ అతుకు దాని కింద కప్పబడిపోతుంది. చల్లబరచి గిలకొట్టిన వైట్ గనాష్‌ను చిన్న గుండ్రటి నాజిల్ ఉన్న పైపింగ్ బ్యాగులో సగం వరకే నింపు, నిండుగా నింపితే అరచేతి వేడికి కరుగుతుంది. మొగ్గ లావుగా ఉండవలసిన చోట నొక్కి, ఒత్తిడి వదిలేసి, ఆ తర్వాతే చెయ్యి వెనక్కి లాగాలి. నొక్కుతూనే లాగితే మల్లెమొగ్గకు బదులు పురుగు తయారవుతుంది. ముందుగా పళ్లెం మీద ఒక వరస వేసి చూసుకో. బంగారు పొడి చల్లదలిస్తే డబ్బా మీద తినదగినదని స్పష్టంగా రాసి ఉండాలి, విషం కాదని మాత్రమే రాసి ఉంటే అది తినేది కాదు. నిజం పువ్వులే కావాలంటే మందు కొట్టని కుండీ గులాబీలు వాడు, తొడిమెలు కేకుకు తగలకుండా చుట్టి పెట్టు. గన్నేరు మాత్రం దగ్గరికి రానివ్వకు, అది విషం.

పై అంతస్తు బరువు స్పాంజి మొయ్యదు, పుల్లలు మొయ్యాలి. 6 అంగుళాల కేకును దాని సైజు బోర్డు మీదే ఉంచు. కింది కేకు మీద ఆ వలయాన్ని టూత్‌పిక్‌తో గీసి, గీతకు అరంగుళం లోపలగా, ఆహారానికి వాడే నాలుగు చెక్క కడ్డీలు గాని, లావు స్ట్రాలు గాని దించాలి. మొదటిదాన్ని అడుగు బోర్డుకు తగిలేదాకా దించి, పూత ఎంత ఎత్తున ఉందో గుర్తు పెట్టి, బయటికి తీసి కోసి, మిగతా మూడూ దాని కొలతకే కొయ్యి. ఎక్కడికక్కడ కొలిచి కోస్తే కింది కేకులోని వంకర పైదానికీ వస్తుంది.

రెండు కేకులనూ వేర్వేరు పెట్టెల్లో తీసుకెళ్లి అక్కడే పేర్చు, మెట్రో తవ్వకాల రోడ్ల మీద పేర్చిన కేకును నమ్మలేం. పూలజడలో అతుకు మీది మొగ్గలు కూడా అక్కడే వెయ్యి, అందుకని బ్యాగు ఐస్ డబ్బాలో వెంట ఉండాలి. కారులో ఏసీ ముందే వేయించి, పెట్టెలు సీటు మీద కాకుండా కింద, జారని రబ్బరు చాప మీద పెట్టు, సీటు వెనక్కి వాలి ఉంటుంది గదా. ఏసీ గదిలో, కిటికీ ఎండ పడని చోట, నాలుగు కాళ్లూ గట్టిగా ఉన్న బల్ల అడిగి పెట్టించు.

కోసేటప్పుడు పై అంతస్తును బోర్డుతో సహా ఎత్తి పక్కన పెట్టించు. నాలుగు పుల్లలూ బయటికి వచ్చాయో లేదో నువ్వే స్వయంగా లెక్కపెట్టాక కింది కేకు మీద కత్తి పెట్టనివ్వు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ