కోడిపుంజు గడియారం, దుక్కి దున్నే ఫ్లెక్సీ మిషన్

పరకాల నుంచి ప్రశ్న పంపిన మిత్రునికి నమస్కారం. డిగ్రీ పూర్తయ్యాక నాన్నగారి ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నానని, చిన్నప్పుడు మానేసిన బొమ్మలు మళ్లీ మొదలుపెట్టాలని ఉందని, వింత ఊహలతో చిలిపిగా బొమ్మలు వేసే నేటి చిత్రకారులు ఎవరో, వారి పని నుంచి ఉత్సాహం తెచ్చుకోవడం ఎలాగో చెప్పమని అడిగారు. చివర "అయినా మా ఊళ్లో గీయడానికి ఏముంది" అని ఒక మాట కలిపారు. నన్ను ఇంత పొడుగు జవాబుకు కూర్చోబెట్టింది ఆ మాటే.

నేను హనుమకొండలో పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు ముద్రించే ఒక దుకాణంలో పద్దెనిమిదేండ్లుగా డిజైన్ పని చేస్తున్నాను. చిత్రకళ ఎక్కడా చదువుకోలేదు. పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుని తల వెనుక వెలుగు పెట్టడం, వరుని ఫొటోలో మొటిమలు తీసేయడం, పత్రిక మూలన వినాయకుణ్ణి అతికించడం, ఇదీ నా రోజువారీ కళాసేవ. కరోనా రోజుల్లో పెండ్లిళ్లు ఆగిపోయి దుకాణం మూతపడినప్పుడు నేనూ మీలాగే మళ్లీ బొమ్మలు వేయాలనుకున్నాను. ఆ ఆరాటంలో చేసింది మాత్రం ఒక్కటే, కనిపించిన ప్రతి మంచి బొమ్మనూ ఫోనులో దాచుకోవడం. రెండు వేల పైచిలుకు బొమ్మలు పోగయ్యాయి గానీ నా పెన్సిలు కొస మాత్రం అరగలేదు. కాబట్టి మీకు ఓ యాభై పేర్ల జాబితా ఇవ్వగలిగినా ఇవ్వను. నన్ను నిజంగా కదిలించిన నలుగురైదుగురి గురించే చెబుతాను.

మొదటివాడు భజ్జు శ్యామ్. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒక స్టాలు దగ్గర నల్ల కాగితం మీద అచ్చువేసిన చెట్ల బొమ్మల పుస్తకం చేతికి తీసుకున్నాను. చెన్నైలోని తారా బుక్స్ 2006లో తెచ్చిన ఆ పుస్తకానికి భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్ సింగ్ ఉర్వేతి అనే ముగ్గురు గోండు చిత్రకారులు బొమ్మలు వేశారు. పుస్తకమంతా చేత్తో స్క్రీన్ ప్రింటింగ్ చేసినది. మా దుకాణంలో వందల పెండ్లి పత్రికలకు నేను స్క్రీన్ పట్టినవాణ్ణి. ఒక రంగు మీద ఇంకో రంగు వెంట్రుకవాసి జరిగినా బొమ్మ మసకబారుతుందని నా వేళ్లకు తెలుసు. అందుకే అక్కడ నిలబడి ముందు బొమ్మ చూడలేదు, అంచులు చూశాను. ఒక్కచోట కూడా రంగు తప్పలేదు. ఆ తర్వాతే చెట్టు కొమ్మలు జింక కొమ్ములుగా మారుతుండడం కంటికి ఆనింది.

ఇంటికి వచ్చాక అదే చిత్రకారుని ఇంకో పుస్తకం గురించి వెతికాను. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే పల్లెలో పుట్టిన భజ్జు శ్యామ్, లండన్‌లో ఒక భారతీయ హోటల్ గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లి రెండు నెలలు అక్కడ ఉన్నాడు. తాను చూసిన ఆ నగరాన్ని 2004లో వచ్చిన పుస్తకంలో గీశాడు. అందులో బిగ్ బెన్ గడియార స్తంభం కోడిపుంజుగా మారింది, ఎందుకంటే అతని ఊళ్లో పొద్దు ఎంతయిందో చెప్పేది పుంజే. భూమి లోపల తిరిగే రైలు వానపాము. ఎక్కడికెళ్లినా తప్పకుండా ఇంటికి చేర్చే ముప్పై నంబరు బస్సు విశ్వాసం గల కుక్క. విమానం రెక్కలు మొలిచిన ఏనుగు, అంత బరువు గాలిలో లేవడం అతనికి అంతే నమ్మశక్యంగా లేదు. సాయంత్రం కాగానే గుంపులుగా బయటికి వచ్చి తాగుతూ కూర్చునే ఇంగ్లిషువాళ్లు గబ్బిలాలు. 2018లో అతనికి పద్మశ్రీ వచ్చింది.

ఆ ఊపులో నేను చేసిన తప్పు మీరు చేయకూడదని చెబుతున్నాను. నల్ల ఛార్టు కొని, తెల్ల పెన్నుతో చేపను గీసి, దాని ఒళ్లంతా చుక్కలు, సన్న గీతలు నింపాను. అచ్చం గోండు బొమ్మలాగే వచ్చింది. మా చిన్నది అప్పుడు ఆరో తరగతి, వచ్చి చూసి, "డాడీ, ఇది యూట్యూబ్‌ల చూసి ఏసినవా?" అని అడిగింది. ఆ పిల్లకు తెలియకపోయినా సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది. తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, పాటన్‌గఢ్ చిత్రకారుల్లో ప్రతి ఒక్కరికీ లోపల నింపే గీతల అల్లిక వేరువేరుగా ఉంటుంది, దాన్ని బట్టే బొమ్మ ఎవరిదో పోల్చుకుంటారు. అంటే నేను శ్రద్ధగా దించింది ఒక శైలిని కాదు, ఇంకొకరి సంతకాన్ని. మన ఆదిలాబాద్‌లోనూ గోండులున్నారు కదా, ఇదీ మనదే అని సర్దిచెప్పుకోబోయాను గానీ అదీ కుదరదు. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ ఆడే ఆదిలాబాద్ గోండుల ఆట, పాట వేరు, పాటన్‌గఢ్ బొమ్మ వేరు.

మరి తీసుకోవలసింది ఏమిటి? భజ్జు శ్యామ్ గీతను పక్కనపెట్టి, అతను ఆ గడియారం ముందు నిలబడి వేసుకున్న ప్రశ్నను తీసుకోవాలి. "ఇది చేసే పని మా ఊళ్లో ఎవరు చేస్తారు?" అన్నదే ఆ ప్రశ్న. రూపం పోలికతో వెళితే గడియార స్తంభం తాటిచెట్టు అవుతుంది. అది ఎవరికైనా తడుతుంది, చూసినవారికి నవ్వూ రాదు. పని పోలికతో వెళితేనే పుంజు కూస్తుంది.

ఈ ప్రశ్నను నేను మా దుకాణంలోని ఫ్లెక్సీ మిషన్ మీద ప్రయోగించాను. రంగు చల్లే తల ఈ కొస నుంచి ఆ కొసకు గరగరమంటూ పోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది, ఫ్లెక్సీ ఒక పట్టీ అంత ముందుకు జరుగుతుంది, తల మళ్లీ బయలుదేరుతుంది. పదేండ్లుగా పొద్దస్తమానం చూస్తున్నదే. ఆ రోజు మాత్రం మా తాత చెల్కలో అరక కట్టి సాలు వెంట సాలు దున్నడం కనిపించింది. నాలుగు రంగుల సీసాలు గట్టున పెట్టిన విత్తనాల సంచులయ్యాయి. రంగు చిమ్మే నాజిల్ మూసుకుపోయినప్పుడు ఫ్లెక్సీ మీద పడే తెల్లగీత ఉంటుంది చూడండి, యజమాని చేత మేమందరం తిట్లు తినేది దానికే, అది సాలు తప్పిన దుక్కి. పాడైన పెండ్లి పత్రికల వెనుకవైపు బాల్‌పెన్నుతో రెండు ఎడ్లను, వాటి వెనుక ముల్లుగర్ర పట్టుకుని ధోవతి కట్టిన ఆపరేటర్‌ను గీశాను. దున్నిన నేలలోంచి మొలకలకు బదులు ఒక నాయకుని చిరునవ్వు సాలుసాలుగా మొలుస్తున్నది. గీత వంకరగానే ఉంది, ఎద్దు కాళ్లు మేకకాళ్లలా వచ్చాయి. అయినా దాన్ని చూసి మా ఆపరేటర్ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. యూట్యూబ్‌లో చూసి వేశావా అని ఎవరూ అడగలేదు.

వింత అంటే నవ్వించడమే అనుకోకుండా ఉండాలంటే షాన్ టాన్‌ను చూడండి. 1974లో పుట్టిన ఈ ఆస్ట్రేలియా చిత్రకారుడు 2006లో ఒక్క మాట కూడా లేని పుస్తకం తెచ్చాడు. వలస వెళ్లే ఒక మనిషి కథ అది, దాని మీద నాలుగేండ్లు పనిచేశాడు. అతని తండ్రి మలేసియా నుంచి ఆస్ట్రేలియాకు వచ్చి స్థిరపడినవాడు. మొదటి పేజీలో చిన్నచిన్న గళ్లలో కాగితపు పిట్ట, గడియారం, టోపీ, ఒక కుటుంబం ఫొటో. ఆ తర్వాత పెట్టె సర్దుతున్న చేతులు. అతను వదిలి వెళ్తున్న ఊరి వీధుల మీద పాముతోకల వంటి పెద్ద నీడలు పాకుతుంటాయి. ఆ నీడ కరువో, యుద్ధమో, అప్పో చిత్రకారుడు చెప్పడు.

మా మేనమామది జగిత్యాల వైపు పల్లె. పదకొండేండ్లు దుబాయిలో పనిచేసి వచ్చాడు. అక్కడ ఎట్లుండేది మామా అని ఎప్పుడడిగినా "మంచిగనే ఉండె" అనేవాడు తప్ప ఇంకో ముక్క చెప్పేవాడు కాదు. ఒక దసరాకు మా ఇంటికి వచ్చినప్పుడు ఆ బొమ్మలు ఫోనులో చూపించాను. పెట్టె సర్దే బొమ్మ దగ్గర ఆగి, వేలితో పెద్దది చేసి, "నేను పచ్చడి డబ్బా బట్టల నడుమ పెట్టిన, కారి అన్ని అంగీలు ఎర్రగైనయి" అన్నాడు. దుబాయి గురించి అతను నాకు చెప్పిన మొదటి సంగతి అదే. ఎర్రబడిన ఆ అంగీలను నేను ఇప్పటికి నాలుగుసార్లు గీశాను, ఇంకా కుదరలేదు.

కెనడాకు చెందిన జాన్ క్లాసెన్ దగ్గర నేర్చుకోవలసింది పొదుపు. టోపీ దొంగిలించిన చిన్న చేప కథకు అతనికి 2013లో, అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకు ఇచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది. పెద్ద చేప నిద్ర లేవదని చిన్న చేప మాటల్లో ధీమాగా చెబుతుంటే, బొమ్మలో పెద్ద చేప కన్ను అప్పటికే తెరుచుకుని ఉంటుంది. రాసినదానికి, గీసినదానికి పొత్తు కుదరకపోవడంలోనే హాస్యమంతా ఉంది. కనుపాపను కాస్త జరిపితే చాలు, అనుమానం కోపంగా మారిపోతుంది. పెండ్లి పత్రిక మీద కిలోల కొద్దీ పూలు గుమ్మరించే మావంటివారికి ఇది మంచి చికిత్స. మన దేశంలోనే ప్రియా కురియన్ ఉన్నారు. తూలికా ప్రచురించిన ఆమె మాటల్లేని పుస్తకంలో ఒక అమ్మమ్మ కళ్లద్దాలు కనబడక ఇల్లంతా తారుమారు చేస్తుంది. మన ఇండ్లలో దినమూ జరిగేదే, ఇందులో వింత ఏముందని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఆ ముసలామె ముఖం చూడవలసిందే.

కొత్తవారిని కనుగొనడానికి నేను పట్టుకున్న దారి చాలా మామూలుది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో పిల్లల పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, తెలుగులోనూ ఉన్నాయి. ప్రతి పుస్తకంలో బొమ్మలు వేసినవారి పేరు ఉంటుంది. నచ్చిన పేరు పట్టుకుని ఆ చిత్రకారుని మిగతా పుస్తకాలన్నీ వరుసగా చూడండి. ఒకే మనిషి రెండు మూడు రకాల కథలకు బొమ్మ ఎలా మార్చాడో పక్కపక్కన పెట్టి చూస్తే, పాఠం చెప్పేవారు లేని లోటు కొంత తీరుతుంది. బయటిదేశాల వారికైతే పిల్లల సాహిత్యానికి స్వీడన్‌లో ఇచ్చే ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పురస్కారం, రెండేండ్లకొకసారి ఇచ్చే ఆండర్సన్ పురస్కారం జాబితాలు చాలు. మొదటిది షాన్ టాన్‌కు 2011లో, అర్జెంటీనా చిత్రకారిణి ఇసోల్‌కు 2013లో వచ్చింది. రెండోది 2024లో కెనడాకు చెందిన సిడ్నీ స్మిత్‌కు వచ్చింది. వారానికి ఒక్కరిని మించి చూడవద్దు. చూసిన రాత్రే, చేతనైనా కాకున్నా, ఏదో ఒకటి గీయండి.

మీరు నేటివారినే అడిగారు గనుక చందమామ శంకర్ జోలికి పోవడం లేదు. కానీ జనగామ దాటి చేర్యాలకు ఒక్కసారి వెళ్లిరండి. చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూసిన బట్ట మీద నకాశీ కళాకారులు వేసే ఆ పటాలు, పెద్ద బొమ్మల పుస్తకాన్ని నిలువునా పరిచినట్టు గళ్లుగళ్లుగా కిందికి దిగుతాయి. కథ చెప్పేవాడు ఒక్కొక్క గడినీ చూపిస్తూ పాడతాడు. వెనుకంతా ఎరుపే. ఆ ఒక్క ఎరుపు మీద వందమంది మనుషులను ఎవరికి వారు కనబడేలా నిలబెట్టడం ఎంత కష్టమో, ఫ్లెక్సీలో ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ అడిగే కస్టమర్‌తో వేగినవారికి తెలుస్తుంది. రామప్ప గుడిలో ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కున్న మదనికను కూడా చూడండి. 1213 నాటి ఆ శిల్పి ముందు మన చిలిపితనం ఏపాటిదో అర్థమవుతుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఉత్సాహం కొద్దీ ఒక పెండ్లి పత్రిక అంచుల్లో పూలతీగకు బదులు నా ఎడ్లను చిన్నగా నడిపించి కస్టమర్‌కు చూపించాను. వరుని బాబాయి కళ్లద్దాలు సవరించుకుని, "అన్నా, మేం పెండ్లి చేస్తున్నమా, అంగడికి పోతున్నమా?" అన్నాడు. మారుమాట్లాడకుండా మల్లెతీగ పెట్టి ఇచ్చాను. ఊహ ఒక చోట, గిరాకీ ఒక చోట. ఎడ్లు ఇప్పుడు పత్రికల వెనుకవైపే నడుస్తున్నాయి. అలాంటివి నా దగ్గర నూట నలభై దాకా పోగయ్యాయి.

ఇక పరకాలలో గీయడానికి ఏముంది అన్నారు. వేలిముద్ర వేస్తే గాని యూరియా ఇవ్వని యంత్రం మీ గల్లా పక్కనే ఉంటుంది, రోజంతా జనం బొటనవేళ్లు నొక్కించుకునే ఆ ప్రాణి ఏమిటో ఆలోచించండి. వానకాలంలో స్టాకు వస్తుందని తెలిసి, తెల్లవారుజామునే రైతులు తమ చెప్పులు వరుసలో పెట్టి చెట్టు కింద కూర్చుంటారు కదా. మనుషులు లేకుండా చెప్పులు మాత్రమే, ఒక్కటి తెగి పిన్నీసు పెట్టినది, ఒక్కటి మట్టి అంటినది, ఒక్కటి ఆడమనిషిది, షట్టరు వైపు ముఖం పెట్టి నిలబడి ఉంటాయి. తలుపు తీసే లోపల అవి ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుకుంటాయో షాన్ టాన్‌కు తెలిసే అవకాశం లేదు. రోజూ ఆ షట్టరు ఎత్తేది మీరే.