చదరపు మీటర్లు వేరు, మీటర్ల చదరం వేరు

సందేహం: నాలుగు చదరపు మీటర్లు, నాలుగు మీటర్ల చదరం – రెండూ ఒకటే గదా? ఏడో తరగతి చదివే మా అబ్బాయి కాదంటున్నాడు. ఇంకొకటి. మా ఇంట్లో ఒక గది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. అందులో 60 సెంటీమీటర్ల చదరపు బండలు పరిపించాలని లెక్క వేశాను. మీటరుకు నూరు సెంటీమీటర్లు కాబట్టి చదరపు మీటరుకు నూరు చదరపు సెంటీమీటర్లు అనుకుని వేస్తే, గదికి ఒక్క బండ కూడా అక్కర్లేదని వస్తోంది! ఎక్కడ తప్పింది? ‘ఘనపు మీటరు’, ‘ఘన మీటరు’ – వీటిలో ఏది రాయాలి? (కడప నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ అబ్బాయి మాటే రైటమ్మా. నాలుగు మీటర్ల చదరం అంటే ప్రతి పక్కా నాలుగు మీటర్లున్న చదరం. దాని వైశాల్యం 16 చదరపు మీటర్లు. ఒకటే అనుకున్నవాటి మధ్య నాలుగింతల తేడా ఉంది. అంకె పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది. నూరు మీటర్ల చదరం అంటే ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. నూరు చదరపు మీటర్లు అంటే దాదాపు రెండున్నర సెంట్లు. అగ్రిమెంటు కాగితంలో ఈ మాటలు అటూ ఇటూ అయితే ఏమవుతుందో ఆలోచించండి!

ఇంత తేడా ఎందుకొస్తుందో వ్యాకరణమే చెబుతుంది. చదరము + మీటరు = చదరపు మీటరు. బళ్లో పుంప్వాదేశ సంధికి ‘సరసము + మాట = సరసపు మాట’ అని చదువుకున్నాం కదా, ఇదీ అదే. కర్మధారయ సమాసంలో మొదటి పదం చివరి ‘ము’ పోయి ‘పు’ వచ్చింది. అయితే మన సందేహానికి సంధి కన్నా సమాసం ముఖ్యం. రెండు పదాలూ కలిసి ఒకే కొలతకు పేరయ్యాయి: మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చోటు. ముందున్న ‘నాలుగు’ అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. ‘నాలుగు మీటర్ల చదరం’లో ఆ ‘నాలుగు’ మీటర్లను లెక్కపెడుతోంది. ‘మీటర్ల’ అనే షష్ఠి రూపం వెళ్లి చదరానికి విశేషణంగా నిలిచి, దాని పక్క పొడవెంతో చెబుతోంది. అంకె దేన్ని లెక్కపెడుతోందో చూసుకుంటే తికమక ఉండదు.

మీ బండల లెక్క తప్పింది కూడా ఇక్కడే. మీరు మీటరును సెంటీమీటర్లలోకి మార్చారు గానీ, ‘చదరపు’ అనే మాటను మార్పులోకి తీసుకోలేదు. మీటరు పొడవులో 100 సెంటీమీటర్లు, మీటరు వెడల్పులోనూ 100. కాబట్టి ఒక చదరపు మీటరుకు 100 × 100 = 10,000 చదరపు సెంటీమీటర్లు. గుర్తుల్లో మీటరు పక్కన పైన వేసే చిన్న 2కు అర్థం ఇదే. సెం.మీ. పక్కన వేసినప్పుడు అది ‘సెంటీ’కీ వర్తిస్తుంది, ‘మీటరు’కూ వర్తిస్తుంది.

ఇప్పుడు మీ గది 12 చదరపు మీటర్లు, అంటే 1,20,000 చదరపు సెంటీమీటర్లు. ఒక బండ 60 × 60 = 3,600. భాగిస్తే 33.3 వస్తుంది, అంటే 34 బండలు. కానీ బండలు పరిచే మేస్త్రీ 35 అడుగుతాడు, ఆయన లెక్కా నిజమే. 3 మీటర్ల పక్కన సరిగ్గా 5 బండలు పడతాయి. 4 మీటర్ల పక్కన 6 బండలు పట్టి, ఇంకా 40 సెంటీమీటర్లు మిగులుతుంది. ఆ 40 కోసం ప్రతి వరుసలో ఒక బండ కోయాలి. కోస్తే మిగిలే 20 సెంటీమీటర్ల ముక్కలను అతుకు పెట్టి వేస్తే బాగుండదు. అందుకే వరుసకు 7 చొప్పున, 5 వరుసలకు 35. పగుళ్లకు ఒకటి రెండు ఎక్కువ తెప్పించుకోండి.

బండల అంగట్లో ‘అడుగు ఇంత’ అని రేటు చెబుతారు. అక్కడ ‘అడుగు’ అంటే చదరపు అడుగే. వ్యవహారంలో ‘చదరపు’ జారిపోయింది, మాట్లాడుకునే ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులు. మీ గది 129 అడుగులవుతుంది. బిల్లు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఘనపు కొలతల్లో పక్కలు మూడు, కాబట్టి మూడుసార్లు గుణించాలి. ఘనపు మీటరుకు 10,00,000 ఘనపు సెంటీమీటర్లు, అంటే 1,000 లీటర్లు. రెండు ఘనపు మీటర్ల సంపులో 2,000 లీటర్లు పడతాయి. రెండు మీటర్ల ఘనంగా తవ్విన సంపులో 8,000 పడతాయి. మీ జిల్లాలోని గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు అంటారు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. అడుగుకు 0.3048 మీటరు. దాన్ని మూడుసార్లు గుణిస్తే జలాశయం సుమారు 76 కోట్ల ఘనపు మీటర్లు. ఒక్కసారి గుణించి ఊరుకుంటే 818 కోట్లని వస్తుంది, లేని నీళ్లు కాగితం మీద పుట్టుకొస్తాయి.

ఇక మీ చివరి ప్రశ్న. ‘ఘన మీటరు’, ‘ఘనపు మీటరు’ రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ సరైనవే. ‘ఘన’ అనే సంస్కృత రూపాన్ని అలాగే ఉంచితే మొదటిది, ‘ఘనము’ అని తెలుగు చేసుకుని ‘పు’ చేరిస్తే రెండోది. ‘చదర మీటరు’ మాత్రం రాయకండి. ‘చదరము’ తెలుగులో స్థిరపడిన పదం, దానికి ‘పు’ ఉండాల్సిందే. పిల్లలకు చెప్పేటప్పుడు ‘చదరపు’కు జతగా ‘ఘనపు’ అంటేనే నాకు ఇష్టం. రెండూ ఒకే పద్ధతిలో పుట్టిన మాటలని వాళ్లకు చెవితోనే తెలుస్తుంది.