శ్రీశైలం కథ గురించి ఓ ఉత్తరం

చిరంజీవి తమ్ముడికి,

శ్రీశైలానికి కాలినడకన వెళ్లే భక్తుల మీద నువ్వు రాసిన కథ చదివాను. నల్లమల అడవిదారిలో వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు దాకా నడక బాగా సాగింది. చివరికొచ్చేసరికి మాత్రం ముక్కూమొహం తెలియని నలుగురూ గుడి ముందు కావలించుకుని భోరుమన్నారు. అంత తొందరేమొచ్చింది? పాత్రలే అంతలా ఏడ్చేస్తే పాఠకుడికి ఇంకేం మిగులుతుంది?

ఆ దారిలో మనుషుల్ని కలిపేది భక్తి ఒక్కటే కాదు, అవసరం కూడా. భీముని కొలను లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారానికి ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. పక్కవాడి భుజం కావాలి. అప్పుడు ఊరూ పేరూ ఎవరడుగుతారు? నువ్వేమో అందరికీ తలో ఫ్లాష్‌బ్యాక్ పెట్టావు. తీసెయ్. 14వ శతాబ్దంలో రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడన్నది ఒక్క ముక్కలో చెప్పు చాలు. కాళ్లు పీకుతున్నవాడికి చరిత్ర ఎక్కదు.

ఉగాదికి నడిచొచ్చే కన్నడ భక్తుల్ని తీసుకున్నావు, మంచి పని చేశావు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచనుకుని చీర, గాజులు, పసుపుకుంకాలు తెస్తారు వాళ్లు. మరి నీ బెళగావి ముసలమ్మ చేత ‘అంతా శివమయం’ అనిపించావేం? పుట్టింటి నుంచి వచ్చిన మనిషి అలా మాట్లాడదు. చీర నలిగిందేమోనని మూట విప్పి చూసుకుంటుంది. నీళ్లు తాగేందుకు ఆ మూటను కర్నూలు కుర్రాడి చేతికివ్వనీ. కింద పెట్టకూడదని ఆమె సైగ చేస్తే, వాడు రెండు చేతుల్తో ఎత్తిపట్టుకుని బిక్కమొహం వేసుకు నిలబడతాడు. నాకైతే కథ అక్కడుంది.

దర్శనాన్ని సాగదీయకు. కాళ్లు కూడా కడుక్కోకుండా దుమ్ముతోనే వెళ్లి లింగాన్ని తాకే ధూళి దర్శనం అక్కడి పాత ఆచారమే. కానీ జనం ఎక్కువైతే స్పర్శ దర్శనం ఆపేసి దూరం నుంచే చూడనిస్తారు. అడవంతా నడిచొచ్చినవాడికి దక్కేది క్షణం చూపు, వెనక నుంచి తోపులాట. ఆ వెలితిని దాచకు. బయటికొచ్చాక ఆ ముసలమ్మ బొబ్బలెక్కిన పాదాలకు ఎవరు కొబ్బరినూనె రాశారో చెప్పు. స్వామిని తాకలేకపోయిన చేతులే అవి. ఆ మాట మాత్రం నువ్వు అనొద్దు, చదివేవాడికి వదిలెయ్.

చివర్లో ఆ కర్నూలు కుర్రాడు ‘కొత్త మనిషయ్యాడు’ అన్న వాక్యం కొట్టేశాను. తిరుగు బస్సులో సీటు కోసం వాడూ అందర్లాగే తోసుకోనీ. దొరికిన సీటు ఆమెకిస్తాడా, తనే కూర్చుంటాడా అన్నది నువ్వే తేల్చుకోవాలి. తేలాక తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య