నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి చెప్పండి

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

గణాంక సర్వేల్లో ఇల్లిల్లూ తిరిగి రిటైరైనదాన్నని కిందటి సంచికలో రాశాను. అందుకేనేమో ఈసారి ఉత్తరాలన్నీ సమయం గురించే వచ్చాయి. నాలుగు ఉత్తరాలకు జవాబిస్తున్నాను. మిగిలినవారు తమ బాధ వీటిలో ఎక్కడైనా కనిపిస్తుందేమో చూసుకోవాలని మనవి.

ప్రశ్న: మేడమ్, నాకు నలభై రెండేళ్లు. ఇంట్లో మావారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉంటారు. పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని దూరవిద్యలో పూర్తి చేయాలని ఎప్పటినుంచో ఆశ. కానీ పుస్తకం తెరిచే తీరిక దొరకడం లేదు. ఉదయం ఐదున్నరకు లేచి రాత్రి పదకొండు దాటాక పడుకుంటాను. అయినా "రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా" అంటారు. సమయాన్ని సరిగ్గా వాడుకోవడం నాకే చేతకాదేమో. ఏం చేయాలి?
- ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, "నాకే చేతకాదేమో" అన్న మాటను ముందు కొట్టేయండి. మిగతా ఉత్తరానికి జవాబు చెబుతాను.

మన దేశమంతటా తొలి సమయ వినియోగ సర్వే 2019లో జరిగింది. అందులో మేం అడిగిన అసలు ప్రశ్న ఒకటే: "నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఈరోజు నాలుగింటి వరకు ఏమేం చేశారు?" అరగంటకో గడి చొప్పున మొత్తం నలభై ఎనిమిది గడులు. ఇంట్లో ఆరేళ్లు నిండిన ప్రతివారికీ అవే గడులు. మగవారి గడులు తొందరగా నిండేవి. పొలం, దుకాణం, భోజనం, టీవీ, నిద్ర. ఆడవారిని అడిగితే చాలామంది నోట మొదట వచ్చే జవాబు "నేనేం చేశానమ్మా, ఇంట్లోనే ఉన్నాను" అని. "సరే, ఐదింటికి?" అని కదిపితే అప్పుడు బయటపడేది. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడం, పాలు కాచడం, పిండి రుబ్బుతూనే పిల్లవాడి చేత ఎక్కాలు చెప్పించడం, మామగారికి వేడినీళ్లు తోడటం, కుళాయి వచ్చే వేళకు బిందెలు సర్దడం. పది నిమిషాలు దాటిన ప్రతి పనినీ రాయాలన్నది మాకున్న నియమం. ఒకే అరగంట గడిలో రెండు మూడు పనులు ఇరికించి రాసేసరికి నా కలం ఆగేది, ఆవిడ చేతులు మాత్రం ఆగేవి కావు. "ఏమీ చేయలేదు" అన్న మనిషి పేజీయే ఆ ఇంట్లో అందరికన్నా నిండుగా ఉండేది.

లెక్క కూడా చెబుతాను, ఇంట్లో వినిపించడానికి పనికొస్తుంది. ఇంటి పని చేసే ఆడవారు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019 సర్వేలో తేలింది. ఇంటి పని చేసే మగవారు వెచ్చించేది 97 నిమిషాలు. 2024లో మళ్లీ సర్వే చేస్తే అవి 289, 88 అయ్యాయి. ఇవి ఆ పనిలో చేయి పెట్టినవారి సగటులు మాత్రమే. అసలు చేయి పెట్టేవారెందరంటే, 2024లో ఆడవారిలో నూటికి ఎనభై ఒక్కరికి పైగా, మగవారిలో ఇరవై ఏడుగురు. అయిదేళ్లలో ఆడవారికి పది నిమిషాలు తగ్గినందుకు సంతోషిద్దామంటే మగవారికీ తొమ్మిది తగ్గాయి. ఆ పది నిమిషాలు మిక్సీవల్ల తగ్గాయో వాషింగ్ మెషిన్‌వల్ల తగ్గాయో కానీ, మగవారు అందుకున్నందువల్ల తగ్గాయని మాత్రం నేను ఒప్పుకోను.

ఇక మీ పని. ఒక నోటుపుస్తకంలో నాలుగింటి నుంచి నాలుగింటి వరకు గడులు గీయండి. రెండు మామూలు రోజులు, ఒక ఆదివారం రాయండి. ఆదివారాన్ని వదలొద్దు. "సెలవు" అని మీ ఇంట్లో పిలిచే ఆ రోజే మీకు బరువైన రోజని నా అనుమానం. మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి రాస్తే చాలు. పనుల్ని కుదించి "వంట" అని ఒక్క ముక్కలో రాయకండి. పిల్లలకు ఇడ్లీ, అత్తగారికి ఉప్మా, ఆయనకు చపాతీ అయితే మూడూ రాయండి.

ఇప్పుడు రాత్రి ఎనిమిది నుంచి పదిన్నర మధ్య గడులు చూడండి. మీ ఉత్తరంలో లేదు కానీ, మీ ఇంట్లో భోజనాలు విడతలుగా జరుగుతాయని పందెం కాస్తాను. పిల్లలు ఒకసారి, అత్తగారు ఇంకోసారి, ఆయన వచ్చాక మరోసారి. ప్రతిసారీ కూర వేడి చేయడం, వడ్డించడం, తీయడం. మధ్యలో మీకు పావుగంట, ఇరవై నిమిషాలు ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలన్నీ కలిపితే గంట పైనే తేలవచ్చు. కానీ పావుగంటలో మనిషి ఫోను చూడగలడు, ఆర్థికశాస్త్రం చదవలేడు. మీకు లేనిది ఎవరూ పిలవని ఒక నిండు గంట. ఎనిమిదిన్నరకు అందరూ ఒకేసారి తినాలని నిర్ణయించండి. ఆలస్యంగా వచ్చేవారు తమ పళ్లెం తామే పెట్టుకుంటారు. దానికి ఎవరూ అలగరు, అలిగినా ఒక వారమే.

ఆ నోటుపుస్తకాన్ని మీవారి ముందు పెట్టండి. దెప్పడానికి వద్దు, చూపించడానికే. "కాస్త సాయం చేయండి" అని మాత్రం అడగకండి. సాయం అన్నది ఓపిక ఉన్న రోజు చేసేది. "రాత్రి గిన్నెలు, అత్తగారి మందులు ఇకపై మీవి" అని పేరుపెట్టి అప్పగించండి. మొదటి పది రోజులు గిన్నెలకు జిడ్డు మిగులుతుంది. చూసీ చూడనట్టు ఊరుకోండి, మళ్లీ కడగడానికి కూర్చోకండి. చాలా ఇళ్లలో ఒప్పందం బెడిసికొట్టేది ఇక్కడే.

ఇగ్నోలో ఏటా జనవరి, జూలై విడతల్లో ప్రవేశాలు ఉంటాయి. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల వరకు పూర్తి చేసుకునే వెసులుబాటు ఉంది. అంటే రోజుకు ఆ ఒక్క గంటతో నడిచే చదువే. గంట ముందు సంపాదించండి, ఒక నెల నిలబెట్టండి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. బ్యాంకులో సుదీర్ఘకాలం పనిచేసి కిందటేడాది రిటైరయ్యాను. పేపరు, టీ అయ్యాక పదకొండింటికి ఏమీ తోచదు. "కాళ్లకు అడ్డం పడకండి" అని మా ఆవిడ విసుక్కుంటోంది. యోగా, గీతా ప్రవచనాలు అంటూ పిల్లలు ఏవేవో చెబుతున్నారు. నాకు ఆసక్తి లేదు.
- ఒక విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జవాబు: ఆసక్తి లేనప్పుడు వెళ్లకండి సార్. పొద్దు గడవడానికి వచ్చినవారు వినేవారికీ చెప్పేవారికీ భారమే.

తెనాలి నుంచి వచ్చిన ఉత్తరం మీరూ చదివే ఉంటారు. రిటైరైంది మీరు, మీ ఆవిడ కాదు. పైగా మీరు ఇంట్లో ఉండటంవల్ల ఆవిడకు రెండు టీలు, ఒక వేడి మధ్యాహ్న భోజనం పెరిగాయి. అదివరకు మీ క్యారియర్ పొద్దున్నే సర్దేసి మధ్యాహ్నం పెరుగన్నంతో సరిపెట్టుకున్న మనిషి ఇప్పుడు పన్నెండున్నరకు మళ్లీ పొయ్యి వెలిగిస్తోంది. ఆ విసుగు మీ మీద కాదు. కాబట్టి పదకొండింటి టీ మీరే పెట్టండి, ఇద్దరికీ. కూరగాయల సంచి, కరెంటు బిల్లు, డాక్టరు అపాయింట్‌మెంటు పూర్తిగా మీ శాఖకు బదిలీ చేయించుకోండి. ఏ కూర తేవాలో ఫోను చేసి అడగకూడదు. అడిగితే పని మీది కానట్టే.

ఇంత చేసినా మీకు రోజుకు రెండు మూడు గంటలు మిగులుతాయి. మీకు నచ్చుతుందనుకున్న పని ఒకటి చెబుతాను. తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ ఉచిత గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి పెడతారు. ఒక పక్క పేజీ బొమ్మ, మరో పక్క యంత్రం చదివిన పాఠం. యంత్రానికి మన ఒత్తులూ గుణింతాలూ అంత తేలిగ్గా లొంగవు. మీరు బొమ్మను చూస్తూ పాఠాన్ని దిద్దాలి. దిద్దిన పేజీ పసుపు రంగుకు మారుతుంది. ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తేనే ఆకుపచ్చ అవుతుంది. మీ బ్యాంకులో ఒకరు రాసింది ఇంకొకరు సరిచూసే మేకర్, చెకర్ పద్ధతి ఏదైతే ఉందో అదే ఇది. పైసా తేడా వస్తే సాయంత్రం కౌంటర్ మూయని మనుషులు మీరు, ఆ కళ్లు ఇక్కడ కావాలి. రోజుకు నాలుగు పేజీలు చాలు. మీరు దిద్దింది సరిచూడటానికి మరొకరు ఉంటారు, వారు దిద్దింది మీరు చూడాలి. ఎదురుచూసేవారు ఉన్న పని మానబుద్ధి కాదు. పుస్తకాలను కాపాడటం మీ ఊరికి కొత్త కూడా కాదు. రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం హనుమకొండలో 1904లోనే మొదలైంది.

ప్రశ్న: అమ్మా, గ్రూప్-2కు సిద్ధమవుతూ హైదరాబాదులో అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్నాను. రోజుకు పదహారు గంటలు చదవాలని టైంటేబుల్ వేసుకుంటాను. మూడో రోజుకే తప్పుతుంది. మళ్లీ కొత్తది వేస్తాను. నాలో పట్టుదల లేదా?
- ఒక నిరుద్యోగి

జవాబు: బాబూ, పదహారు గంటల చదువు, ఆరు గంటల నిద్ర కలిస్తే ఇరవై రెండు. మిగిలిన రెండు గంటల్లో స్నానం, బట్టలు ఉతుక్కోవడం, మెస్ దగ్గర వరుస, మూడు పూటల భోజనం, చిక్కడపల్లి గ్రంథాలయానికి నడిచి వెళ్లి కుర్చీ కోసం వెతుక్కోవడం, అమ్మతో ఫోను. ఆ టైంటేబుల్ దేవతలకు వేసినది. తప్పుతున్నది మీ పట్టుదల కాదు, మీ కూడిక.

మీరూ నిన్నటి గడులు ముందు నింపండి. ఫోను సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. ఎన్ని గంటలు చూశారన్నదానితో పాటు ఎన్నిసార్లు తాళం తీశారో కూడా చెబుతుంది. నేనైతే రెండో అంకెకే ఎక్కువ భయపడతాను. "కరెంట్ అఫైర్స్ గ్రూపులో పీడీఎఫ్ వచ్చిందేమో" అని తీసిన తాళాలే అందులో ఎక్కువ ఉంటాయి.

"తొమ్మిది నుంచి పదకొండు: పాలిటీ" అని రాసుకుంటే పాలిటీ ముందు రెండు గంటలు కూర్చుంటారు, అంతే. "12 నుంచి 35 వరకు అధికరణలు, ప్రాథమిక హక్కుల మీద పాత ప్రశ్నలు నలభై" అని రాసుకోండి. అయిందో లేదో సాయంత్రానికి తెలుస్తుంది. రోజులో ఒక గంటన్నర ఖాళీగా వదలండి, జారిపోయిన పని అందులో పడుతుంది. ఇంకొక మాట, కటువుగా అనిపించినా సరే. ఏ ఏడాది వరకు ఈ ప్రయత్నమో కాగితం మీద రాసి మీ అన్నకో అక్కకో ఇవ్వండి. అశోక్‌నగర్‌లో గంటలు వృథా చేసుకున్నవారికంటే సంవత్సరాలు లెక్కపెట్టనివారే ఎక్కువ నష్టపోతారు.

ప్రశ్న: మేడమ్, నేను నర్సును. నెలలో సగం నైట్ డ్యూటీలే. తెల్లవారుజామున లేచేవారే జీవితంలో పైకి వస్తారని, బ్రాహ్మీ ముహూర్తంలో చేసిన పనే ఫలిస్తుందని ఎక్కడ చూసినా చెబుతున్నారు. నాలాంటివారి గతి ఏమిటి?
- ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: బ్రాహ్మీ ముహూర్తం నలభై ఎనిమిది నిమిషాలు, సూర్యోదయానికి అంతే సమయం ముందు ముగుస్తుంది. ఆ వేళకు మీరు వార్డులో బీపీలు చూసి, సెలైన్ మార్చి, కేస్ షీట్లు రాస్తూ ఉంటారు. ఫలించే పని ఇంకేం కావాలి? ఆ ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి ఆస్పత్రిలో చేరిన రాత్రి మీరు బ్రాహ్మీ ముహూర్తం కోసం తొందరగా పడుకుంటే ఒప్పుకుంటాడా?

మా గడులు నాలుగింటికి మొదలయ్యాయంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి. మీ గడులు మీరు నిద్రలేచిన వేళ నుంచి గీసుకోండి, అది సాయంత్రం మూడైనా సరే. మీకు కాపాడుకోవలసింది పగటి నిద్ర. "ఇంట్లోనే ఉన్నావు కదా" అని మీకూ ఫోన్లు వస్తాయి. బంధువుల గ్రూపులో నెలనెలా డ్యూటీ చార్టు పెట్టేయండి. డ్యూటీ దిగిన రోజున బ్యాంకు, బజారు, పిల్లల బడి మీటింగ్ పెట్టుకోవద్దు. గ్యాస్ బండ వచ్చే రోజు పక్కింటివారికి ముందే చెప్పి, డబ్బు వారి దగ్గర ఉంచి, కాలింగ్ బెల్ స్విచ్ ఆపి పడుకోండి.