సంగీత పత్రికల వ్యాసాలకు బొమ్మలు ఎలా వేస్తారు? పాట వింటూ గీస్తారా?

గీసేటప్పుడు వినను. సంగీత పత్రికలకు బొమ్మలు వేయడం మొదలుపెట్టిన కొత్తలో పాట పెట్టుకునే కూర్చునేదాన్ని. బొమ్మలు అందంగానే వచ్చేవి గాని, పక్కనున్న వ్యాసానికీ వాటికీ చుట్టరికం ఉండేది కాదు. పాట చెప్పేది ఒకటి, ఆ పాట గురించి రాసినవారు చెప్పేది ఇంకొకటి. నేను బొమ్మ వేయవలసింది రెండోదానికి. 1911 జనవరిలో మ్యూనిక్‌లో స్వరకర్త షోన్‌బర్గ్ కచేరీ విని చిత్రకారుడు కాండిన్‌స్కీ పసుపు, నలుపు రంగులతో ఒక చిత్రం వేశాడు. నాకెంతో ఇష్టమైన చిత్రమది. కానీ ఆయనకూ ఆ సంగీతానికీ మధ్య ఇంకెవరూ లేరు. పత్రికలో వ్యాసకర్త ఉంటారు.

అందుకే ముందు చదువుతాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని, కంటికి కట్టే మాటల కింద గీతలు గీస్తూ. చాలాసార్లు వ్యాసం పూర్తికాకముందే బొమ్మ అడుగుతారు, నాలుగు వాక్యాల సారాంశమే చేతిలో ఉంటుంది. అప్పుడు పత్రికలో బొమ్మల బాధ్యత చూసే ఆర్ట్ డైరెక్టర్‌ను ఒక్క ప్రశ్న తప్పకుండా అడుగుతాను: రచయిత మెచ్చుకుంటున్నారా, నిలదీస్తున్నారా? అది తెలుసుకోకుండా వేస్తే బొమ్మ ఒక దారి, వ్యాసం ఒక దారి అవుతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఏళ్ల తరబడి డ్రమ్స్ వాయించి, చెవుల్లో ఆగని మోత తెచ్చుకున్న ఒక కళాకారుడి గురించిన వ్యాసం అది. నా మొదటి చిత్తుబొమ్మల్లో చెవి ఉంది, డ్రమ్ ఉంది, చెవిలోకి దూరుతున్న అలలు ఉన్నాయి. శీర్షిక చదివితే చాలు, ఎవరికైనా తట్టే బొమ్మలే. పక్కన పెట్టేశాను. మళ్లీ చదివితే ఒకచోట ఆగిపోయాను: పగటి సందడిలో అంతగా తెలియని ఆ మోత రాత్రి దీపం ఆర్పాక పెరుగుతుందట. నిశ్శబ్దమే ఆయనకు శత్రువు. అంతే, చీకటి పడకగది వేశాను. కప్పు నుంచి దీపం వేలాడాల్సిన చోట ఒక సింబల్, అంటే డ్రమ్స్‌తో పాటు కర్రతో కొట్టి మోగించే గుండ్రని లోహపు పళ్లెం. సింబల్‌ను దగ్గరగా చూస్తే దాని మీద సన్నని వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి చెక్కినట్టు ఉంటాయి. ఆ వలయాలను అంచు దగ్గర ఆపకుండా కప్పు మీదికి, గోడల మీదికి, దుప్పటి మడతల్లోకి సాగనిచ్చాను. మంచం మీద కళ్లు తెరిచి పడుకున్న మనిషిని కూడా వేశాను. ఆర్ట్ డైరెక్టర్ చూసి, "మనిషిని తీసేయండి, దిండు మీద గుంట చాలు" అన్నారు. ఆ మాట విన్నాక ఇక వేరే విధంగా ఊహించలేకపోయాను.

ఆ తర్వాతిదంతా అచ్చు పని. రెండు పేజీల బొమ్మ కాబట్టి సింబల్ నడిబొడ్డు సరిగ్గా పేజీల మడతలో పడింది, ఎడమకు జరిపాను. చుట్టూ మూడు మిల్లీమీటర్లు కోతకు వదలాలి. అంతకంటే పెద్ద చిక్కు ఆ తెల్ల వలయాలతో వచ్చింది. తెర మీద ఎంత సన్నని గీతైనా మెరుస్తుంది. కాగితం మీద, రంగుల అచ్చుకు వాడే నాలుగు సిరాలు కలిసిన చీకట్లో, ఒక్క సిరా వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ గీత పూడిపోతుంది. వలయాలను లావు చేసి, చీకటిని నీలం, నలుపు సిరాలతోనే నింపాను.

వాద్యాల విషయంలో ఊహను అస్సలు నమ్మవద్దు. ఒకసారి పియానో మీద నల్ల మెట్లన్నీ సమాన దూరంలో వేశాను. అవి రెండూ మూడూ చొప్పున గుంపులుగా ఉంటాయి. పత్రిక వెలువడ్డాక ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఆయన కోపం న్యాయమే, ఆ పత్రిక చదివేవారిలో సగం మంది చేతులు రోజూ ఆ మెట్ల మీదే ఉంటాయి. అప్పటి నుంచి గిటారు మరలైనా, ట్రంపెట్ మీటలైనా ఫొటో ముందు పెట్టుకుని లెక్కపెట్టాకే గీస్తున్నాను.

ఇక మీరు అడిగిన పాట సంగతి. చిత్తుబొమ్మ ఖాయమయ్యాక, రంగులు వేసేటప్పుడు వింటాను. ఎంత ముదురు, ఎంత లేత అన్నది అక్కడ తేలుతుంది. ఆ డ్రమ్మర్ రికార్డులు కూడా రంగులు వేసిన రాత్రే విన్నాను, శబ్దం బాగా తగ్గించుకుని.